తొమ్మిది వందల ఇరవై చుట్లు

శ్రీదివ్యతో నేను అన్న మొదటి మాట "హలో అండీ". దానివల్ల ఆ పిల్లకి గంట సేపటి పని దండగైంది. జవాబుగా ఆమె అన్న మొదటి మాట ఇక్కడ రాయడానికి వీల్లేదు. రెండోది మాత్రం రాయొచ్చు.

"బోర్డు సదవలేదా? సదువు రాదా?"

బోర్డు ఉంది, కాదనను. శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు పక్కన, సైకిల్ షాపుకీ మటన్ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న సోమయ్య వైండింగ్ షాపు అది. లోపలి గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది: "చుట్లు లెక్కబెట్టేటప్పుడు మాట్లాడరాదు."

నా చేతుల్లో దుప్పట్లో చుట్టిన యాంప్లిఫైయర్ ఉంది. పద్దెనిమిది కిలోలు. జ్వరం వచ్చిన పసిపిల్లని ఆస్పత్రికి మోసుకొచ్చినట్టు మోసుకొచ్చాను. అలాంటప్పుడు గోడలెవరు చదువుతారు?

"ఆరు వందల నలభై దాక వచ్చిన," అందామె చేతిమిషను మీద రాగితీగని చూస్తూ. "నువ్వు హలో అన్నవ్. ఇప్పుడు నలభయ్యా, యాభయ్యా, ఎవనికెరుక? మొత్తం ఇప్పాలె."

"అందాజుగా కానిచ్చేయండి. పది చుట్లు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?"

అప్పుడు మొదటిసారి తలెత్తి నా మొహం చూసింది. చెవి వెనక పెన్సిలు, జడ చివర రబ్బరు బ్యాండుకి బదులు రాగితీగ ముక్క. కళ్ళు మాత్రం పెద్దవి. ఆ కళ్ళలో నా మీద గౌరవం లేదు.

"నువ్వు ఏం కొలువు జేస్తవ్?"

"మేడ్చల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో. మాత్రలు తూచి సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తాను."

"గా మాత్రలు గిట్ల అందాజుగనే తూస్తవా?"

నేను దుప్పటి విప్పడంలో మునిగిపోయాను.

ఇది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది వానాకాలం మాట. ఆ షాపులో చుట్లు లెక్కపెట్టే ముల్లున్న మిషను ఎప్పుడో చెడిపోయింది. మిగిలింది చేత్తో తిప్పే పాతది. ఒక్కో చుట్టుకి 'టిక్' అంటుంది, అంతే. లెక్క మనిషే పెట్టుకోవాలి. సోమయ్యకి చూపు మందగించాక కూతురే వైండింగ్ చేస్తోంది. ఆమె ఎవరి లెక్కనీ నమ్మదని ఊరంతటికీ తెలుసు. మధ్యలో తండ్రి వచ్చి "బిడ్డా, మూడు వందలైనయ్" అన్నా సరే, ఆ మూడు వందలూ విప్పి మళ్ళీ మొదలుపెట్టేది.

యాంప్లిఫైయర్ మూత తీసింది. కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది.

"ట్రాన్స్‌ఫార్మర్ మాడి మసైంది. ఇంట్ల స్టెబిలైజర్ లేదా?"

"ఉంది. తీసేశాను."

"ఎందుకు?"

"స్టెబిలైజర్ ఉంటే సంగీతం గొంతు నొక్కేసినట్టు అవుతుందండి. డైరెక్టుగా గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటులోనే ప్రాణం ఉంటుంది."

"ఎవరు సెప్పిన్రు?"

"మా అధ్యక్షులు గారు."

ఇక్కడ మా అధ్యక్షుల గురించి చెప్పాలి. అలియాబాద్ దాటాక పద్మోదయ కాలనీ అని ఒకటుంది. చెరువు కనిపిస్తుందని చెప్పి ప్లాట్లు అమ్మారు. కనిపిస్తుంది, నీళ్ళ ట్యాంకు ఎక్కితే. గుంటూరు, తెనాలి వైపు నించి వచ్చిన ఉద్యోగస్తులం అరవై ఇళ్ళ వాళ్ళం అక్కడ స్థిరపడ్డాం. కాలనీ సంఘానికి అధ్యక్షులు వీరభద్రం గారు. అందులోనే ఐదుగురం కలిసి శ్రవణానంద సమితి పెట్టుకున్నాం. దానికీ ఆయనే అధ్యక్షులు. సభ్యులు ఐదుగురు, తెప్పించే విదేశీ ఆడియో మ్యాగజైన్లు ఏడు.

ఆదివారాలు ఆయనింట్లో చేరి వినేవాళ్ళం. గడియారం చప్పుడు సంగీతానికి అడ్డమని గుమ్మం దగ్గరే చేతి వాచీలు విప్పించేవారు. కరెంటుకి రుచి ఉంటుందని ఆయన సిద్ధాంతం. పొద్దుటి కరెంటు తియ్యన, సాయంత్రానిది వగరు. మేమంతా కళ్ళు మూసుకుని "అవునవును, వగరే" అనేవాళ్ళం. అందరిలోకీ గట్టిగా అనేవాణ్ణి నేను. అందుకే నాకు బంగారు చెవుల హేమచంద్ అని పేరు.

సాయంత్రం కరెంటు వగరెందుకో చెప్పడానికి సిద్ధాంతం అక్కర్లేదు. చుట్టుపక్కల పొలాల్లో పంపుసెట్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే మా ఇళ్ళలో వోల్టేజి నూట అరవైకి పడిపోయేది. ట్యూబులైటు కన్నుగీటేది, యాంప్లిఫైయర్ లోంచి పాటకంటే ముందు 'గుయ్' మని మూలుగు వచ్చేది. పంపులు ఒక్కసారి ఆపితే రెండు వందల ఎనభైకి ఎగిరేది. స్టెబిలైజర్ తీసేసి నేను ప్రాణమున్న కరెంటు వింటున్న మూడో రోజు సాయంత్రం, సరిగ్గా అలాగే ఎగిరింది. కరెంటుకి ప్రాణం వచ్చింది, యాంప్లిఫైయర్‌కి పోయింది.

ఇదంతా చెప్పాను. శ్రీదివ్య ఓపిగ్గా విని, తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, ఈ సారు స్కూటర్‌కు బ్రేకులు పీకేసి, గిప్పుడు బండి మంచిగురుకుతాంది అంటుండు."

సోమయ్య పెద్దమనిషి. నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. "అయితది సారు, కొత్తది సుట్టిద్దాం. పరేషాన్ గాకుండ్రి."

"ఒక్క మాటండీ," అన్నాను. "ఆక్సిజన్ లేని రాగితీగ వాడతారా? మ్యాగజైన్‌లో..."

"తీగల గాలెక్కడిదయ్యా? గది ఏమన్న ఎద్దా?" అంది శ్రీదివ్య.

వారం రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ తయారైంది. నా ఆరోగ్యం మాత్రం చెడింది. ఆఫీసులో మాత్రలు తూస్తుంటే తక్కెట్లో రాగితీగ జడ కనిపించేది. ఏదో ఒక సాకుతో షాపుకి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు టార్చిలైటు, ఒకరోజు మా అమ్మ జానకీదేవి ఇస్త్రీపెట్టె. ఒకరోజు ఏదీ దొరక్క, బాగానే పనిచేస్తున్న టేబుల్ ఫ్యాను పట్టుకెళ్ళాను.

శ్రీదివ్య ప్లగ్గు పెట్టింది. ఫ్యాను హాయిగా తిరిగింది.

"దీనికేమైంది?"

"కాస్త... గాలి గట్టిగా వస్తోందండి."

"మస్తు పెద్ద రోగమే," అని స్విచ్చి ఆపేసింది. మూతి బిగించుకుంది కానీ బుగ్గ మీద నవ్వు ఆగలేదు. నేను ఆ బుగ్గనే చూస్తూ ఇంటికెళ్ళి, ఫ్యాను షాపులోనే మరిచిపోయానని అమ్మ తిడితే గానీ గుర్తురాలేదు.

మా ఇంటికి ఆమె ఒక స్టెబిలైజర్ కూడా చేసిచ్చింది. వోల్టేజి పడినప్పుడల్లా లోపల రిలే అనే చిన్న స్విచ్చి 'టక్' మని మారేది. ఆ టక్కు పాటలో కలుస్తోందని ఫిర్యాదు చేశాను.

"గా టక్ అన్నప్పుడల్లా నీ డబ్బా బతికిందని అర్థం. సంతోషపడు."

సంతోషపడ్డాను. టక్కు వినిపించినప్పుడల్లా ఆమె గుర్తొచ్చేది. సమితికి చెబితే వెలేస్తారు గానీ, పాటకంటే ఆ టక్కు కోసమే ఎదురుచూసేవాణ్ణి.

అయినా మనిషికి గొప్పలు ఊరికే పోతాయా? ఒక సాయంత్రం ముసురు పట్టింది. షాపు రేకుల మీద వాన దంచుతోంది. సోమయ్య చాయ్ తాగడానికి వెళ్ళాడు. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ ఒకసారి చూడమని తెచ్చిన నా యాంప్లిఫైయర్ బల్ల మీద పాడుతోంది. ఆ వాన, ఆ పాట, పక్కన ఆ పిల్ల. నేను ఊరుకోలేకపోయాను.

"మీటర్ చూడక్కర్లేదండీ. వోల్టేజి ఎంతుందో నేను వినే చెప్పగలను."

"అవునా? గయితే ఇటు రా."

బల్ల మీద వేరియాక్ ఉంది. గుండ్రటి డయల్ తిప్పితే కరెంటుని కావలసినంత పెంచొచ్చు, తగ్గించొచ్చు. నా యాంప్లిఫైయర్‌ని దానికి తగిలించి, నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది.

"ఇప్పుడెంత?"

"విచ్చుకుందండీ గొంతు. రెండు వందల ముప్పై."

"ఇప్పుడు?"

"అబ్బే. పీలగా అయిపోయింది. నూట తొంభై."

"ఇప్పుడు?"

"ఆహా! వయొలిన్ తీగ మీద వేలు జారడం కూడా వినిపిస్తోంది. రెండు వందల నలభై, గ్యారంటీ."

వెనక్కి తిరిగి చూశాను. శ్రీదివ్య రెండు చేతులతో మక్కకంకి పట్టుకుని తింటోంది. సగం అయిపోయింది.

"ఎప్పట్నించి తింటున్నారు?"

"మొదటి సంది. రెండొందల ఇరవై మీద పెట్టి ముట్టుకోలే." కంకి పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "సూడు సారూ, నీకు సెవులు లేవు. పుస్తకాలున్నయ్."

వానలో తడుస్తూనే వెళ్ళిపోయాను. సిగ్గుతో పది రోజులు ఆ రోడ్డు తొక్కలేదు. ఆ పది రోజుల్లో ఒక సంగతి మాత్రం తేలింది. బంగారు చెవులు పోయినందుకు బాధ లేదు. ఆమె ముందు పోయినందుకే. అంటే ఇది ఇష్టం కాదు, ఇంకా ముదిరింది. ప్రేమే.

పదకొండో రోజు టార్చిలైటు పట్టుకుని వెళ్ళాను. శ్రీదివ్య లేదు. సోమయ్య ఒక్కడే మిషను ముందు కూర్చుని దాని పిడిని గుడ్డతో తుడుస్తున్నాడు.

"రా సారు. మీ కాలనీ ముచ్చటే ఉన్నది. మొన్న వోల్టేజి ఎగిరి తొమ్మిది టీవీలు కాలినయంట గద. ఇంటికొక స్టెబిలైజర్, అరవై కావాలన్నరు."

"మంచి మాటే కదా!"

"ఏం మంచి? మీ వీరభద్రం సారు సింగపూర్ నుంచి ఏందో డబ్బా తెప్పిచ్చిండు. గదే కొందామంటుండు. ఆదివారం ఆయనింట్ల రెండూ పెట్టి, పాట విని, ఏది మంచిగుంటే గది తీసుకుంటరంట. మీటర్ పెట్టి సూడుండ్రి సారూ అన్న. మీటర్ అబద్ధం చెప్పొచ్చు, చెవి చెప్పదు అన్నడు."

"తీర్పు చెప్పేది ఎవరట?"

సోమయ్య నా మొహంలోకి చూశాడు. "నువ్వేనంట గద. బంగారు సెవులు."

సోమయ్య పిడిని తుడవడం ఆపలేదు.

"గీ ఆర్డర్ రాకుంటే మిషను అమ్మేస్త. కొత్త షాపులచ్చినయ్, మాకు పని లేదు. పిల్లను సిద్దిపేటల మా అక్క కొడుక్కిద్దామని. ఆడపిల్ల షాపుల కూసునుడు వద్దంటడు వాడు. అది మూడొద్దులాయె, అన్నం సరిగ తింటలేదు. పెండ్లికి గాదు, మిషనుకు."

ఆదివారం వచ్చింది. వీరభద్రం గారి హాల్లో కాలనీ మగవాళ్ళంతా వాచీలు విప్పి కూర్చున్నారు. మూలుగు వినపడకూడదని సోమయ్య స్టెబిలైజర్నీ, సింగపూర్ డబ్బానీ వంటింట్లో పెట్టించారు. అక్కణ్ణించి హాల్లోకి ఒక వైరు. పార్వతీదేవి గారు, అంటే అధ్యక్షుల వారి భార్య, వంటింట్లోనే ఉన్నారు కాబట్టి ప్లగ్గు మార్చే పని ఆవిడది. శ్రీదివ్య తండ్రితో వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ముందు సోమయ్య స్టెబిలైజర్ మీద వయొలిన్ కచేరీ పెట్టారు. ఐదు నిమిషాలు. వీరభద్రం గారు మొహం చిట్లించారు.

"బురద," అన్నారు. "స్వరం బురదలో నడుస్తోంది. పార్వతీ! ప్లగ్గు మార్చు!"

"ఆ, ఆ!" అని వంటింట్లోంచి వినిపించింది.

అదే కచేరీ మళ్ళీ మొదలైంది. రెండో నిమిషానికి అధ్యక్షుల వారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"చెరువు మీద వెన్నెల పడినట్టు లేదూ? విద్వాంసుడి ఊపిరి వినిపిస్తోంది చూడండి."

"నాకు గోరు కూడా వినిపిస్తోందండీ," అన్నాడొక సభ్యుడు.

"కుడిచేతి గోరే," అన్నాడు ఇంకొకడు.

కచేరీ ఆగింది. "హేమచంద్, చెప్పు నాయనా," అన్నారు వీరభద్రం గారు. ఆ గొంతులో ఆజ్ఞ ఉంది. వచ్చే నెల సమితికి కార్యదర్శిని ఎన్నుకుంటారు. రెండేళ్ళుగా నేను చూస్తున్న కుర్చీ అది.

గుమ్మంలోంచి వరండా కనిపిస్తోంది. శ్రీదివ్య ఇటు చూడటం లేదు. చేతివేళ్ళతో గాలిలో ఏదో తిప్పుతోంది, మిషను పిడి తిప్పినట్టు.

లేచి నిలబడ్డాను.

"నాకు ఏ తేడా తెలియలేదండీ."

"ఏమిటీ?"

"రెండూ ఒకేలా వినిపించాయి. ఇవాళే కాదు, ఎప్పుడూ తెలియలేదు. పొద్దుటి కరెంటు, సాయంత్రం కరెంటు, వగరు, తీపి... మీరంటే నేనూ అన్నాను. ఆ అమ్మాయి నాకు పరీక్ష పెట్టింది. మక్కకంకి తింటూ కూర్చుంటే, వోల్టేజి మారుతోందని చెప్పాను. నావి బంగారు చెవులు కావు. మామూలు చెవులు కూడా కావేమో. మీటర్ పెట్టండి. అదొక్కటే ఇక్కడ మ్యాగజైన్లు చదవనిది."

వీరభద్రం గారు కుర్చీలోంచి లేచారు.

"వినడానికి సంస్కారం ఉండాలి! ఆ బురదకీ ఈ వెన్నెలకీ తేడా తెలియనివాడు..."

అప్పుడే పార్వతీదేవి గారు పులిహోర పళ్ళెంతో వచ్చారు.

"ఏవండీ, ఇక ప్లగ్గు మార్చమంటారా? నా వంట అయిపోయింది."

"మార్చడమేంటి? మార్చావుగా!"

"ఎక్కడ మార్చానూ? మీ సింగపూర్ డబ్బాకి రైస్ కుక్కర్ తగిలించాను కదా. ఇంతమందికి పులిహోర వద్దూ? మీ పాట పొద్దుట్నించీ సోమయ్య డబ్బా మీదే నడుస్తోంది."

ముందుగా నవ్వింది ఎవరో తెలియదు. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. గోరు వినిపించిన సభ్యుడు మాత్రం వాచీ వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు. మీటర్ తెప్పించి పెట్టారు, అదీ సోమయ్య డబ్బాకే ఓటేసింది. అరవై స్టెబిలైజర్ల ఆర్డరూ అక్కడే సోమయ్యకి ఇచ్చారు. వీరభద్రం గారు పులిహోర ముట్టుకోలేదు.

నేను వరండాలోకి వచ్చేసరికి శ్రీదివ్య చెప్పులేసుకుంటోంది. నా వైపు చూడకుండానే అంది.

"రేపు షాపుకు రా. నీ ఫ్యాను ఉన్నది."

మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వెళ్ళాను. శ్రీదివ్య అరవైలో మొదటి వైండింగు అప్పుడే మొదలుపెట్టబోతోంది. బోర్డు వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాను. సోమయ్య వెనక గదిలో, తీగచుట్టలో దూర్చే ఇనుప రేకులు సర్దుతున్నాడు. మిషను టిక్, టిక్ మంటోంది. ఆమె పెదాలు లోలోపల కదులుతున్నాయి. బయట బస్సులు పోతున్నాయి, పక్కన మటన్ కొట్టువాడు కత్తి నూరుతున్నాడు. నాకు మాత్రం ఆ టిక్కులే వినిపిస్తున్నాయి.

చివరి దాకా ఆగుదామనే అనుకున్నాను. బోర్డు నియమం తప్పింది నేను కాదు, ఆమే.

"గంత మంది ముందట ఇజ్జత్ ఎందుకు తీసుకున్నవ్?" చెయ్యి తిరుగుతూనే ఉంది. "ఒక్క అబద్ధం సెప్తే కార్యదర్శివి అయ్యేటోనివంట గద."

"అయ్యేవాణ్ణి. నీ మిషను పోయేది."

"నా మిషనుతోని నీకేంది?"

"అది లేకపోతే నువ్వు నువ్వులా ఉండవు. నాకు నువ్వు కావాలి. నన్ను చేసుకుంటావా, దివ్యా?"

చెయ్యి ఆగిపోయింది. చెంపలు ఎర్రబడ్డాయి. మరుక్షణం కళ్ళు పెద్దవయ్యాయి, సిగ్గుతో కాదు.

"అయ్యో! ఎన్నయినయ్? ఎన్నయినయ్ సుట్లు?"

వెనక గదిలో రేకుల చప్పుడు ఆగింది. సోమయ్య గుమ్మంలోకి వచ్చాడు. దివ్య తీగ వైపు చూసింది. మొత్తం విప్పాలి, మళ్ళీ మొదట్నించి.

"ఆరు వందల డెబ్బై మూడు," అన్నాను.

"ఏంది?"

"ఆరు వందల డెబ్బై మూడు. వచ్చినప్పటినించీ వింటున్నాను. మొదటి టిక్కు దగ్గర్నించి."

ఆమె నన్ను చూసింది. తర్వాత తీగ కొస పట్టుకుంది, విప్పడానికే అనుకున్నాను. తండ్రి లెక్కనే నమ్మని మనిషి, గాలి గట్టిగా వస్తోందని ఫ్యాను తెచ్చినవాడి లెక్క ఏం నమ్ముతుంది?

దివ్య తీగ సర్ది, పిడి పట్టుకుని తిప్పింది. టిక్.

"ఆరు వందల డెబ్బై నాలుగు," అంది పైకే.

ఏడు వందల ఇరవై దగ్గర, కరెంటు లోపలికి ఇచ్చే కొస ఒకటి బయటికి తీసింది. తొమ్మిది వందల ఇరవై పూర్తయ్యేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. సాయంత్రానికి రేకులు బిగించి బల్ల మీద పెట్టారు.

"లెక్క తప్పితే మీటర్ సూదే సెప్తది," అన్నాడు సోమయ్య. "లోపలికి నూట ఎనభై ఇస్తే బయట రెండొందల ముప్పై రావాలె. రాకుంటే పిలగాడా, నువ్వు ఇంటికి పో."

పొద్దున్న సారు, సాయంత్రానికి పిలగాడు. అది దీవెనో బెదిరింపో తెలియక నేను అమ్మని తలుచుకున్నాను. స్టెబిలైజర్ వచ్చాక ఒక్కరోజు కూడా సీరియల్ ఆగలేదని, ఆ పిల్లని ఒకసారి భోజనానికి పిలవమని అమ్మ పది రోజులుగా పోరుతోంది. ఇంటివైపు నించి అడ్డు లేదు. మిగిలింది ఆ సూదే.

సోమయ్య వేరియాక్ తిప్పి నూట ఎనభైకి తెచ్చాడు. మీటర్ వైర్లు ఆనించాడు. సూది లేచింది, అటూ ఇటూ ఊగింది, రెండు వందల ముప్పై మీద నిలబడింది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూశాడు.

"పిలగానికి సెవులున్నయ్ బిడ్డా."

"ఉన్నయ్ బాపూ," అంది దివ్య, నా వైపు చూసి నవ్వుతూ. "ఇయ్యాలనే మొలిసినయ్."